‘షుగర్ ఫ్రీ బియ్యం’ బస్తా కొనేముందు ఇది చదవండి

మా నాన్నకు పదకొండేళ్లుగా షుగర్. రాత్రికి జొన్నరొట్టె తింటారు గానీ, మధ్యాహ్నం అన్నం పడకపోతే ఆయనకు తిన్నట్టే ఉండదు. అందుకని పోయిన నెల మా ఏరియాలో ఒక బియ్యం కొట్లో ‘షుగర్ ఫ్రీ రైస్’ బస్తా తెచ్చాను. 26 కేజీలు, 2,350 రూపాయలు. అదే కొట్లో మామూలు బీపీటీ (సాంబ మసూరి) బస్తా 1,600. "తెలంగాణ సోనా సార్, షుగర్ ఉన్నోళ్లు కడుపు నిండా తినొచ్చు" అన్నాడు కొట్టతను. నమ్మాను.

నాన్న నాకన్నా ఎక్కువ నమ్మారు. కప్పుతో కొలిచి వడ్డించే అమ్మను ఆపి, పప్పులోకి ఒకసారి, గోంగూరలోకి ఒకసారి, పెరుగులోకి మళ్లీ పెట్టించుకున్నారు. పది రోజులు ఇదే వరస. తిన్న రెండు గంటలకు మీటర్‌లో చూస్తే ఒకరోజు 268, మర్నాడు 281. మామూలు బియ్యమే కప్పు కొలిచి తిన్నప్పుడు 180 దాటేది కాదు. స్ట్రిప్పులు పాడయ్యాయేమోనని కొత్త డబ్బా కొన్నాం, అదొక దండగ. డాక్టరు మాత్రల డోసు పెంచబోయి, "ఈమధ్య తిండిలో ఏమైనా మార్చారా?" అని అడగబట్టి సరిపోయింది.

మిర్యాలగూడ దగ్గర మా మేనమామ ఆర్‌ఎన్‌ఆర్ వరి, అంటే అసలు తెలంగాణ సోనా, వేస్తాడు. మొన్న వచ్చినప్పుడు ఈ బియ్యం గుప్పెడు అరచేతిలో పోసుకుని, వేలితో అటూ ఇటూ జరిపి, "ఇది బీపీటీ అల్లుడూ, ఆర్‌ఎన్‌ఆర్ గింజ ఇంకా చిన్నగుంటది" అన్నాడు. ఆయన తెచ్చిన బియ్యం పక్కన పోస్తే నాక్కూడా తేడా కనిపించింది.

తెలంగాణ సోనా అనే రకం అబద్ధమేమీ కాదు. రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్లు 2015లో విడుదల చేసిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 అదే. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ 51 చిల్లర అంటారు. 55 లోపుంటే తక్కువ కింద లెక్క. అంటే షుగర్ నిదానంగా ఎక్కుతుందని, అంతే. ఏ బియ్యమైనా వంద గ్రాముల్లో దాదాపు 75-80 గ్రాములు పిండిపదార్థమే. ‘షుగర్ ఫ్రీ’ బియ్యం అనేదే లేదు. అసలు సోనాయే అయినా మూడుసార్లు పెట్టించుకుంటే మీటర్ ఊరుకోదు. ఇందులో మా తెలివితక్కువా ఉంది, ఒప్పుకుంటాను.

బస్తా వెనక్కి తీసుకెళ్తే "కుట్టు విప్పేశారు కదా" అన్నాడు. బిల్లు మీద ‘రైస్ 26 కేజీ’ తప్ప ఇంకేం లేదు. బస్తా మీద గుండె బొమ్మ మాత్రం అరచేయంత ఉంది. రకం పేరు, మిల్లు అడ్రసు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, ఏదీ లేదు. ఇవన్నీ నేను కొనేరోజే చూడాల్సింది.

మీరు కొనాలనుకుంటే ముందు ఐదు కేజీలే తీసుకోండి. బిల్లు మీద ‘ఆర్‌ఎన్‌ఆర్ 15048’ అని రాయించుకోండి. రాయడానికి నసిగితే ఇంక ఆ కొట్లో నిలబడొద్దు. బిల్లు ఉంటేనే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా మన మాటకు బలం. నేను చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు, చూడాలి.

పారేయలేక ఆ బస్తానే వండుకుంటున్నాం. ముందు బీరకాయ కూర, గిన్నెడు పప్పు తిన్నాకే నాన్నకు అన్నం, అదీ అమ్మ కప్పుతో. నిన్న 172.