నిమ్మతోటలో నిద్ర

ఏడాదిగా నాకు సరిగా నిద్ర లేదు. పదకొండున్నరకు పడుకుంటే రెండు గంటలకల్లా మెలకువ వచ్చేది. ఇక తెల్లవారేదాకా ఆఫీసు లెక్కలే కళ్లముందు తిరిగేవి. "ఈ సంక్రాంతి సెలవుల్లో గదులు, హోటళ్లు వద్దండీ, ఎక్కడైనా చెట్ల కింద పడుకుందాం" అని నా భార్యే అంది. మా తొమ్మిదేళ్ల అబ్బాయి ఆ సాయంత్రమే సంచి సర్దుకున్నాడు. అలా నెల్లూరు నుంచి మా మొదటి గుడారం యాత్ర బయలుదేరింది. రెండు రాత్రులు, రెండు చోట్లు.

టెంటు అద్దెకు తెచ్చాం, రాత్రికి 400 రూపాయలు. ఇంట్లో విప్పి చూడకపోవడం పొరపాటైంది. పన్నెండు మేకులు ఉండాల్సిన సంచిలో ఏడే ఉన్నాయి. అద్దెకు తీసుకునేవారు దుకాణంలోనే ఒకసారి నిలబెట్టి చూసుకోండి.

మొదటి రాత్రి మైపాడు. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరం, బస్సులు ఉన్నాయి, తీరంలోనే పర్యాటక శాఖ రిసార్టు ఉంది. మేము మాత్రం తెలిసినవారి సరుగుడు తోపులో దిగాం. ఇసుకలో మేకు నిలవదు. తోపు కాపలా ఆయన చూపించినట్లు గోనెసంచుల్లో ఇసుక నింపి, తాళ్లు వాటికి కట్టి, సంచుల్ని పాతిపెట్టాం. రాత్రంతా గాలి కొట్టినా గుడారం కదలలేదు. మా అత్తగారు ముందురోజు వండి ఇచ్చిన చేపల పులుసును ఆ ఉప్పుగాలిలో తింటే, అదే పులుసు ఇంట్లో ఎందుకు ఇంత రుచిగా ఉండదా అనిపించింది. సముద్రం మీద సూర్యోదయం చూసి పిల్లవాడు మాట మరిచిపోయాడు. అయితే పండుగ రోజులు కదా, అర్ధరాత్రి దాటేదాకా ఒడ్డున పాటలు, వాహనాల లైట్లు. తెల్లవారేసరికి దుప్పట్లు తేమకు బరువెక్కాయి. మైపాడు చాలా అందమైన చోటు. అలసట తీర్చుకోవడానికి వెళ్లే చోటు మాత్రం కాదు, కనీసం పండుగనాడు కాదు.

రెండో రాత్రి పెంచలకోన. పొదలకూరు, రాపూరు మీదుగా నెల్లూరు నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. వెలిగొండల ఒడిలో పెనుశిల నరసింహస్వామి క్షేత్రం. స్వామి శిలగా పెనవేసుకున్నాడు కనుక పెనుశిల అయిందంటారు. కణ్వ మహర్షి తపస్సు చేసిన చోటు కనుక కణ్వలేరే కండలేరు అయిందని కూడా చెబుతారు. గది కావాలంటే దేవస్థానం వసతులు ఉన్నాయి. శనివారం మాత్రం రద్దీ. కొండ మీదిది అభయారణ్యం, అక్కడ సొంతంగా గుడారం వేయడం తప్పు. అందుకే కోనకు ఇవతల ఒక రైతును అడిగి ఆయన నిమ్మతోటలో చోటు తీసుకున్నాం.

పెద్దాయన డబ్బు అడగలేదు. మేమే 500 ఇస్తే, సగం తిరిగి పిల్లవాడి జేబులో పెట్టారు. "ముళ్లు ఊడ్చి గుడ్డ పరవమ్మా, లేకపోతే టెంటు చిల్లులు పడుతుంది" అని మా ఆవిడకు చీపురు అందించారు. ఎర్రచందనం ఉన్న అడవులు కనుక చీకటి పడ్డాక కొండవైపు పోవద్దని, అటవీ సిబ్బంది ఆపి ప్రశ్నిస్తారని, చెప్పులు కాదు బూట్లు వేసుకొనే తిరగమని చెప్పారు. కరవైన మేకుల చోట తాళ్లు నిమ్మ మొదళ్లకు కట్టాం, బెరడు ఒరుసుకోకుండా గోనెగుడ్డ చుట్టి.

పగలు కోనలోకి నడిచాం. నెల్లూరుకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందుకే జనవరిలో సెలయేరు నిండుగా ఉంది. బండమీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకున్నాను. ఎంతసేపో తెలియదు. ఫోను గుడారంలోనే వదిలి వచ్చానని తిరిగి వచ్చాకే గుర్తుకొచ్చింది.

క్షేత్రం దగ్గర కనుక పెసరపప్పు కిచిడీయే వండుకున్నాం. ఏడుకల్లా తిని, గిన్నెలు కడిగి, దీపం ఆర్పేశాం. అమావాస్య దగ్గరి రోజులు. కళ్లు చీకటికి అలవాటు పడేకొద్దీ ఆకాశం నిండుతూ వచ్చింది. నెత్తిమీద ఆరు చుక్కల గుత్తి. "అది పిల్లల కోడి" అన్నాను. మా నానమ్మ పెరట్లో మంచం మీద పడుకోబెట్టి చెప్పిన పేరు అది. ముప్పై ఏళ్లుగా ఆ మాట నా నోట రాలేదు. వాడు కోడిపిల్లల్ని లెక్కపెడుతూ నిద్రపోయాడు. కీచురాళ్ల రొద, అప్పుడే మొదలైన నిమ్మపూత వాసన. ఎనిమిదిన్నరకు కళ్లు మూశానేమో, తెరిచేసరికి కౌజు పిట్టలు అరుస్తున్నాయి, టైము అయిదుంపావు. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. గుడారం బయట టీ కాస్తున్న నా భార్యకు ఆ మాట చెబుతుంటే నా గొంతు వణికింది. ఆమె ఏమీ అనలేదు, గ్లాసు నా చేతిలో పెట్టి పక్కన కూర్చుంది.

తరువాత చదివాను. 2013లో అమెరికాలోని కొలరాడోలో 8 మందిని కరెంటు దీపాలు లేకుండా వారం రోజులు గుడారాల్లో ఉంచి పరిశీలించారు. నిద్రకు ఒంటిని సిద్ధం చేసే మెలటోనిన్ వారిలో దాదాపు 2 గంటలు ముందుగా ఊరడం మొదలైందట. నాది ఒక్క రాత్రి సంగతి, దానితో పోల్చను. కానీ మైపాడులో పట్టని నిద్ర నిమ్మతోటలో ఎందుకు పట్టిందో అప్పుడు అర్థమైంది. రెండుచోట్లా అదే టెంటు, అదే చాప. తేడా చీకటిదే. ఇంకొకటి కూడా ఉందని నా నమ్మకం: ఆ రోజంతా తాడు కట్టడం, నీళ్లు మోయడం, పప్పు కడగడం తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. లెక్కలకు చోటే లేకపోయింది.

కనుక మొదటిసారి వెళ్లేవారు పేరున్న చోటుకన్నా దీపాలు లేని చోటు వెతకండి. డిసెంబరు చివరినుంచి ఫిబ్రవరి వరకు మేలు. కోన దగ్గర దుకాణాలను నమ్ముకోకుండా వంట సామాను రాపూరులోనే కొనుక్కోండి, నీళ్ల క్యానుతో సహా.

ఇంటికి వచ్చాక శనివారాలు ఏడింటికి దీపాలన్నీ ఆర్పి మేడమీద చాప వేస్తున్నాం. ఊళ్లో పిల్లల కోడి మసకగానే కనిపిస్తుంది, అయినా వాడు వెతికి పట్టుకుంటాడు. కమ్మరి దగ్గర పన్నెండు ఇనుప మేకులు చేయించాను. అవి ఇప్పుడు మంచం కింద ఉన్నాయి.