దుంగను తిప్పే చేయి: నాలుగేళ్ల వాడకం తర్వాత

నార్త్ కరోలినా పశ్చిమాన, కొండల అంచున ఉన్న మా స్థలంలో నేను దుంగలను పలకలుగా కోయడానికి వాడే బ్యాండ్ రంపం మిల్లు చక్రాల మీద లాక్కెళ్లగలిగిన చిన్న రకం. కొనేనాటికి చేతిలో ఉన్న డబ్బుకు దుంగను తిప్పే హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) ఏర్పాటు లేని మిల్లే వచ్చింది. ఆ లోటును 2021 వసంతంలో, దుంగను తిప్పే ఇనుప చేయి ఒకటి నా వెల్డింగుతో తయారుచేసి నేనే పూడ్చుకున్నాను. ఇంజను బలం, బ్లేడు వెడల్పు వంటి సంగతులు ఈ పనిలో ఉన్నవారందరికీ తెలిసినవే కనుక వాటిని వదిలి, ఆ చేయి గురించి మాత్రమే రాస్తున్నాను.

నిర్మాణం కొద్ది మాటల్లో చెప్పవచ్చు. మిల్లు బెడ్డు (దుంగను పడుకోబెట్టే చట్రం) కింద కీలు మీద ఆడే ఒక మందపాటి ఇనుప చేయి, దాని కొసన దుంగను కరిచి పట్టే పళ్లు, దాన్ని పైకి తోసే రెండున్నర అంగుళాల లోపలి వ్యాసం ఉన్న సిలిండరు, మట్టి తోలే ట్రెయిలర్లకు వాడే 12 వోల్టుల పంపు: అంతే. చదరపు అంగుళానికి 2,000 పౌండ్ల ఒత్తిడి దగ్గర ఆ సిలిండరు సుమారు 4,400 కిలోల బలంతో తోస్తుంది. చేయి పొడవు వల్ల అందులో చాలా భాగం తరిగిపోయినా, దుంగను ఆసరా కమ్ముల మీదికి నెట్టి తిప్పడానికి మిగిలిన బలం సరిపోతోంది.

దీనివల్ల నాకు కలిగిన అసలు ఆనందం నడుము నొప్పి తగ్గడం కాదు, పలకలు తిన్నగా రావడం. 10 అడుగుల పొడవు, 24 అంగుళాల వ్యాసం ఉన్న పచ్చి రెడ్ ఓక్ దుంగ దాదాపు 900 కిలోలు తూగుతుంది. కొక్కెం కర్రతో (కొసన కొక్కెం ఉండి దుంగను దొర్లించే పొడవాటి కర్ర) ఒక్కడినే దాన్ని పావు చుట్టు తిప్పే రోజుల్లో, ఆ శ్రమకు వెనకాడి, ఒక ముఖం తెరిచాక (బెరడు పొర కోసి చదును చేశాక) అటువైపు నుంచే వీలైనన్ని పలకలు తీసేసేవాణ్ణి. ఓక్ దుంగ వెలుపలి పొరల్లో బిగువు ఉంటుంది. ఒకవైపు పొరలను మాత్రమే తీసేస్తే రెండోవైపు బిగువు మిగిలిన దూలాన్ని వంచుతుంది, దూలం నడుమ బెడ్డు మీది నుంచి పైకి లేస్తుంది, ఆపైన కోసిన పలక మధ్యలో మందంగానూ కొసల్లో పలచగానూ వస్తుంది. రెండు మూడు పలకలకొకసారి దుంగను తిరగేసి రెండువైపులా సమంగా తీస్తే ఈ బెడద చాలా తగ్గుతుందని నాకు మొదటినుంచీ తెలుసు, కానీ తెలిసినంత మాత్రాన ఒంటరిగా 900 కిలోలను ఆరుసార్లు తిప్పలేం కదా. ఇప్పుడు మీట నొక్కితే అర నిమిషంలో తిరుగుతుంది. ముడి ఎటువైపు ఉందో, పగులు ఎక్కడిదాకా పోయిందో చూసుకుంటూ నాకు కావలసిన కోణంలో ఆపుకుని, నచ్చకపోతే కాస్త వెనక్కి తిప్పి, అప్పుడు కోత మొదలుపెడుతున్నాను. దుంగను చదవడం నేర్పింది ఈ చేయే అని మనస్ఫూర్తిగా చెప్పగలను.

చలికాలంలో 46 రకం హైడ్రాలిక్ నూనె చిక్కబడి చేయి మందగిస్తే, అంతకంటే పలచనైన 32 రకానికి మారాను. కారు బ్యాటరీ నాలుగైదు దుంగలకే నీరసించేది, లోతుగా ఖాళీ అయినా తట్టుకునే రకం వేశాక ఆ ఇబ్బంది పోయింది. ఒకసారి చేయి కిందికి దించడం మరిచి రంపాన్ని ముందుకు నడిపితే బ్లేడు పాడైంది. అప్పటినుంచి చేయి కొసకు పసుపు రంగు వేసి ఉంచాను.

అసలు చెప్పవలసిన సంఘటన 2025 ఫిబ్రవరిలో జరిగింది. అంతకుముందు సెప్టెంబరు చివరలో వచ్చిన హెలీన్ తుఫాను మా ప్రాంతంలో లెక్కలేనన్ని చెట్లను కూల్చింది. ఇరుగుపొరుగు వారి దుంగలు కూడా మా మిల్లుకే వచ్చాయి, అంటే ఆ నాలుగు నెలల్లో ఈ చేయి మామూలుగా ఏడాదిలో చేసేదానికంటే ఎక్కువ పని చేసింది. ఆ రోజు బెడ్డు మీద 26 అంగుళాల రెడ్ ఓక్ ఉంది. సగం తిరిగి అంచు మీద నిలబడిన దశలో నేను మీట వదిలి, ముడి ఎటు వచ్చిందో చూద్దామని బెడ్డు కొసవైపు నడిచాను. పట్టుమని పది సెకన్లు కాలేదు, బుస్సుమన్న శబ్దం, ఆ వెంటనే చేయి ఒక్కసారిగా కిందపడింది. దుంగ వెనక్కి దొర్లి, ఎక్కించే వాలు కమ్ముల మీదుగా నేల మీదికి దిగింది. ఆ వాలు పక్కనే నిలబడి, చేయి దుంగను పట్టి ఉంచగా గొడ్డలితో బెరడు మీది మట్టి రాల్చడం నాకు అలవాటు. అంతకుముందు దుంగకు అలాగే చేశాను కూడా.

చూస్తే పంపు నుంచి సిలిండరుకు నూనె తీసుకెళ్లే గొట్టం పగిలింది. చేయి లేచిన ప్రతిసారీ ఆ గొట్టం బెడ్డు అడ్డకమ్మికి రెండంగుళాల మేర రాసుకుంటూ, పైరబ్బరు అరిగి, లోపలి తీగల అల్లిక బయటపడి, చివరికి తెగింది. ఇంతకంటే నన్ను కలవరపెట్టింది మరొకటి. బరువు జారకుండా పట్టి ఉంచే చెక్ వాల్వు నా ఏర్పాటులో మొదటినుంచీ ఉంది. కానీ దాన్ని పంపు దగ్గర, అందుబాటుగా ఉంటుందని, గొట్టానికి అవతలి కొసన బిగించాను. గొట్టం పగిలితే సిలిండరులోని నూనె ఆ పగులు నుంచే బయటికి పోతుంది కనుక ఎక్కడో వెనుక ఉన్న వాల్వు దేన్నీ ఆపలేదు. నాలుగేళ్లుగా నాకు రక్షణ ఉందనుకున్నాను, లేదు.

ఇప్పుడు వాల్వు సిలిండరు రంధ్రానికే నేరుగా బిగించి ఉంది, మధ్యలో గొట్టం ప్రమేయం లేదు. మొదట పైలట్ చెక్ వాల్వు (వేరే గొట్టం నుంచి నూనె ఒత్తిడి అందితేనే తెరుచుకునేది) వేస్తే, బరువుతో దించేటప్పుడు చేయి గడగడ వణికింది. దాన్ని తీసి కౌంటర్‌బ్యాలెన్స్ వాల్వు (బరువును ఆనుకుంటూ నూనెను కొద్దికొద్దిగా వదిలేది) పెట్టాక నెమ్మదిగా, నిలకడగా దిగుతోంది. గొట్టాలకు దళసరి తొడుగులు వేసి, రాపిడి లేని దారిలో మళ్లించాను. కారుతున్న చోటు వెతకడానికి చేతితో తడమడం ఎంత ప్రమాదమో కూడా ఇక్కడే చెప్పాలి: సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది, వెంటనే శస్త్రచికిత్స చేయవలసి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

కొక్కెం కర్రతో ఇక పని లేదని మొదటి ఏడాది మిత్రులకు చెప్పాను. 12 అంగుళాల లోపు దుంగలకు మాత్రం ఇప్పటికీ కర్రే త్వరగా పని ముగిస్తుంది. మెత్తని పైన్ దూలాన్ని నాలుగు ముఖాలూ తీశాక తిప్పితే పళ్ల గుర్తులు అరంగుళం లోతున పడుతున్నాయి. ఇంటి దూలాలకు పరవాలేదు కానీ, కనబడే పలకలు కావాలంటే ఆ వైపు అదనంగా ఒక పొర తీసేయవలసిందే.

నేను ఒంటరిగా, వారాంతాల్లో, ఎక్కువగా ఓక్ కోస్తాను. వెల్డింగు కొంత వచ్చు. నడుము మునుపటిలా లేదు. ఈ మూడూ కలిసిన నాకు ఈ చేయి మీద పెట్టిన శ్రమ దండగ అనిపించడం లేదు. పక్కన మరో మనిషి తోడుండి, సన్నటి పైన్ దుంగలు కోసేవారికి దీని అవసరం ఉంటుందని అనుకోను. రోజూ కోసి అమ్మేవారైతే తిప్పే ఏర్పాటు ముందే ఉన్న మిల్లు కొనుక్కోవడం గురించి ఆలోచించవచ్చు, అప్పుడు నాలాగా నాలుగేళ్లు వాల్వు తప్పుడు చోట పెట్టుకుని పని చేయవలసిన అవసరం రాకపోవచ్చు. ఇప్పటికే ఇంట్లో చేసుకున్నది వాడుతున్నవారు మాత్రం ఈ సాయంత్రమే బెడ్డు కిందికి వంగి, తమ వాల్వు గొట్టానికి ఏ కొసన ఉందో చూసుకోవాలని కోరుతున్నాను.