నల్లా ఒకరిది, నాలా ఒకరిది: జలమండలి మేలా, కార్పొరేషనే మేలా?

నీళ్లు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో అందరికీ తెలుసు. మ్యాన్‌హోల్ పొంగినప్పుడే అసలు తంటా. నేను అద్దెకున్న ఒక ఊళ్లో మూడు రోజులు వీధంతా మురుగు పారింది. ఒక ఆఫీసువాళ్లు వచ్చి చూసి "ఇది వాన కాలువ, మాది కాదు" అన్నారు. మర్నాడు ఇంకో ఆఫీసువాళ్లు వచ్చి "ఇది డ్రైనేజీ, మాది కాదు" అన్నారు. ముక్కు మూసుకోవడం మాత్రం మా వంతయింది. నీళ్లకు, మురుగుకు హైదరాబాద్ జలమండలిలా వేరే బోర్డు ఉంటే మేలా, కార్పొరేషనే అన్నీ చూసుకుంటే మేలా అని అప్పటినుంచీ ఊరూరా గమనిస్తున్నాను.

ముందు మన హైదరాబాద్. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ముంచేశాక విశ్వేశ్వరయ్యను పిలిపించారు. అలా వచ్చినవే 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), 1927లో హిమాయత్‌సాగర్. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడన్న మాట అక్కడి నుంచే పుట్టింది. భూగర్భ డ్రైనేజీకి ఆలోచన చెప్పిందీ ఆయనే. అంటే ఇక్కడ వరద, తాగునీరు, మురుగు మూడూ ఒకే బుర్రలో పుట్టిన పనులు. విడిపోయింది తర్వాతే. 1965లో మంజీరా నీళ్లొచ్చాయి. 1989 నవంబరు 1న చట్టం చేసి జలమండలి పెట్టారు. బోర్డు పూర్తి పేరులో నీటి సరఫరాతోపాటు మురుగు కూడా ఉంది, కానీ జనం నోట 'జల' మాత్రమే నిలిచింది. పాతబస్తీలో ఇప్పటికీ వాటర్ వర్క్స్ అనే అంటారు.

బోర్డు పెట్టాక నీళ్లకు మేలే జరిగింది, ఆ మాట ఒప్పుకోవాలి. 2004లో కృష్ణా, 2015 చివర్లో ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చాయి. వంద కిలోమీటర్లకు పైబడిన పైపులైన్లు, పంపింగ్, కరెంటు బిల్లు, అప్పులు అన్నీ మోయాలంటే అదే పనిగా ఒక సంస్థ ఉండాల్సిందే. రోడ్లు, చెత్త, పెళ్లి సర్టిఫికెట్లు చూసే ఆఫీసుకు అది తలకు మించిన పని.

మురుగు దగ్గరే బండి ఆగింది. 2007లో 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ (మహానగర కార్పొరేషన్) చేశారు. అప్పట్లో శివార్లలో నల్లా బిల్లు జలమండలికి కట్టాల్సి వచ్చేది, డ్రైనేజీ మాత్రం జీహెచ్‌ఎంసీ చూసేది. ఆ బాధ్యత జలమండలి చేతికి వచ్చేసరికి 2021 అయింది. 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు కూడా ఆ ఏడే మంజూరయ్యాయి. పద్నాలుగేళ్లు పట్టిందన్నమాట!

బెంగళూరులో బోర్డు 1964లోనే వచ్చింది. 1974 నుంచి కావేరీ నీళ్లు వస్తున్నాయి, అదీ దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు తోడి. ఇంత చేసినా రాజకాలువలు (ఊళ్లోని పెద్ద వాన కాలువలు) మాత్రం కార్పొరేషన్ దగ్గరే ఉండిపోయాయి. మురుగు పైపులేమో వాటి పక్కనే. పైపులోది కాలువలోకి, కాలువలోది చెరువులోకి చేరితే బెళ్లందూరు చెరువు నురగలు కక్కింది, నిప్పు కూడా అంటుకుంది.

మద్రాసు కథే నాకు ఎక్కువ ఆసక్తి. అక్కడ 1978 దాకా నీళ్లు కార్పొరేషన్ చేతిలోనే ఉండేవి, ఆ తర్వాతే మెట్రోవాటర్ అనే బోర్డు. 1983 ఒప్పందంతో మన తెలుగుగంగ కండలేరు మీదుగా 1996లో పూండి జలాశయానికి చేరింది. అయినా 2019 వేసవిలో చెరువులు ఎండి రైళ్లలో నీళ్లు తెప్పించుకోవాల్సి వచ్చింది. అంత కరువులోనూ ఆ బోర్డు చేసిన తెలివైన పని ఒకటుంది: మురుగును శుద్ధి చేసి పరిశ్రమలకు అమ్మడం. మణలి వైపు ఫ్యాక్టరీలు ఆ నీళ్లు వాడితే అంతమేరకు తాగునీరు మిగులుతుంది. నీళ్లు అమ్మేవాడు, మురుగు శుద్ధి చేసేవాడు ఒక్కడే అయితే ఆ మురుగు కూడా సరుకులాగే కనిపిస్తుంది. బోర్డు పద్ధతికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఇక ముంబయి. అక్కడ బోర్డు లేదు. 1860 నాటి విహార్ చెరువు మొదలు తాన్సా, భాత్సా దాకా అన్నిటి నుంచీ ఊరికి నీళ్లు తెచ్చేది కార్పొరేషనే. వాటిలో చాలా చెరువుల నీళ్లు పల్లానికి వాటంతటవే వచ్చేస్తాయి, మనలా తోడే ఖర్చు తక్కువ. మురుగు, వాన కాలువలు కూడా అదే కమిషనర్ కింద ఉంటాయి కాబట్టి "మాది కాదు" అనడానికి వీల్లేదు. అలాగని మునగకుండా ఉందా? 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో ఒక్క రోజే 944 మిల్లీమీటర్ల వాన పడితే ఏ ఏర్పాటూ ఆదుకోలేదు. పైగా ఆ కార్పొరేషన్‌కున్న డబ్బు ఇంకెవరికుంది? విజయవాడో విశాఖో ఆ దారి పడితే నీళ్ల ఖర్చు రోడ్ల డబ్బు తినేస్తుంది, లేదంటే రోడ్లే నీళ్ల డబ్బు తినేస్తాయి.

నన్నడిగితే, దూరం నుంచి నీళ్లు తెచ్చుకునే ఊరికి బోర్డే మేలు. కాకపోతే సగం బోర్డు పనికిరాదు. హైదరాబాద్‌లో నాలాలు (వాన కాలువలు) కూడా జలమండలికే అప్పగించి, వాటి నిధులూ వాటితోపాటే ఇవ్వాలి. అప్పుడు మ్యాన్‌హోల్ పొంగితే వచ్చినవాడు పైపు చూసినా, కాలువ చూసినా చేతిలో గడ్డపార పట్టాల్సిందే.