పీపీఎఫ్: గడువు మొత్తం కట్టి చూశాక

నాకు జీతం లేదు, కంపెనీ కట్టే పీఎఫ్ లేదు. శ్రీకాకుళంలో జిరాక్సు, స్టేషనరీ షాపు. జూన్‌లో బడులు తెరిస్తే గల్లా నిండుతుంది, వేసవిలో అప్లికేషన్ల జిరాక్సులే దిక్కు. ఇలాంటి ఆదాయం మీద పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ (పీపీఎఫ్), అంటే ప్రభుత్వం నడిపే పదిహేనేళ్ళ పొదుపు ఖాతా, ఎలా నడుస్తుందో అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

2010 ఫిబ్రవరిలో తెరిచాను, 2025 మార్చి ఆఖరుకి గడువు తీరింది. పదిహేనేళ్ళు లెక్కపెట్టేది తెరిచిన రోజు నుంచి కాదు, ఆ ఆర్థిక సంవత్సరం ముగిసిన దగ్గర్నుంచి. ఏప్రిల్‌లో తెరిచినవాడు ఇంచుమించు ఇంకో ఏడాది ఆగాలి. తెరిచేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

వడ్డీ నేను చేరినప్పుడు 8 శాతం. 2012-13లో 8.8 దాకా వెళ్ళింది. ఆ తర్వాత కిందికీ మీదికీ ఊగి, 2020 ఏప్రిల్‌లో 7.1కి దిగి, నా గడువు తీరేదాకా అక్కడే కూర్చుంది. ఎఫ్‌డీలో అయితే వేసిన రోజు రేటు చివరిదాకా ఖాయం. ఇందులో రేటు తగ్గితే పాత డబ్బుతో సహా మొత్తం మీద తగ్గుతుంది. 7.1 శాతం లెక్కన ఏటా ఏప్రిల్ మొదట్లో 60,000 వేస్తే పదిహేనేళ్ళకి సుమారు 16.27 లక్షలు, అందులో మనం కట్టింది 9 లక్షలు. ఈ వడ్డీకి పన్ను లేదు. కట్టిన దానికి ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. ఏడాదికి కనీసం 500, గరిష్ఠం 1.5 లక్షలు.

అందరూ తేలిగ్గా తీసుకునేది 5వ తేదీ. నెలలో 5వ తేదీ సాయంత్రం నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదే ఆ నెల వడ్డీ కడతారు. 10,000 రూపాయలు 6న వేస్తే ఆ నెలకి 59 రూపాయలు గోవిందా. ఏడాది డబ్బంతా ఏప్రిల్ 5 లోపు వేసేస్తే అన్నిటికన్నా లాభం, కానీ ఏప్రిల్‌లో నా షాపు సంగతి పైన చెప్పాను. అందుకే నెలనెలా 3వ తేదీకి కొంత, జూన్ గిరాకీ అయ్యాక జూలై మొదట్లో పెద్ద మొత్తం వేసేవాణ్ణి. ఓసారి రసీదు చూసి మా షాపుకొచ్చే ముసలాయన ఒకాయన, "ఏటి బాబూ, పదిహేనేళ్ళు సూసుకుంటా కూకోవాలా?" అన్నాడు. కూర్చోవాలి మరి.

నిజం చెప్పాలంటే వడ్డీ కన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది ఈ తాళమే. చిన్న ఊళ్ళో షాపు పెట్టుకున్నవాడి గల్లా మీద చుట్టాలందరి కన్నూ ఉంటుంది. "బావా, ఓ యాభై వేలు సర్దు, పండగెళ్ళగానే ఇచ్చేస్తాను" అంటే కాదనడానికి నోరు రాదు. "పీపీఎఫ్‌లో ఉన్నాయి బావా, గవర్నమెంటోడు తియ్యనివ్వడు" అంటే ఎవరికీ కోపం రాదు, గవర్నమెంటుని నాలుగు తిట్టుకుని వెళ్ళిపోతారు. ఏడో ఏడు నుంచి తియ్యనిస్తారన్న సంగతి వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

తీసింది ఒక్కసారే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు వజ్రపుకొత్తూరు మండలంలో మా మావయ్యగారి కొబ్బరితోట నేలమట్టమైంది, ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. ఆ ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి పోవడమంటే పెన్షన్ ఆగిపోవడమే, కొత్త మొక్క కాపుకొచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. అప్పుడు తెలిసింది అసలు లెక్క: నాలుగు ఆర్థిక సంవత్సరాల కిందటి ఆఖరు నిల్వలో సగం, కిందటి ఆర్థిక సంవత్సరం ఆఖరు నిల్వలో సగం, రెండిట్లో ఏది తక్కువైతే అంతే ఇస్తారు. పాస్‌బుక్కులో కనిపించే అంకెలో సగం అనుకుని ఆసుపత్రికో పెళ్ళికో లెక్క వేసుకున్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. అయితే ఇది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు, వడ్డీ లేదు. పైకప్పు వేయించడానికి సరిపోయింది, తోటకి చాల్లేదు.

చిరాకులూ ఉన్నాయి. నేను కట్టినచోట "సర్వర్ లేదు, రేపు రండి" అన్న మాట సరిగ్గా 4వ తేదీనే వినబడేది. పాస్‌బుక్కులో ఒక ఏడాది వడ్డీ ఎక్కించకపోతే, ఎక్కించేదాకా వెంటపడ్డాను.

ఇదొక్కటే నమ్ముకుంటే ఆస్తి పెరుగుతుందా? పెరగదని నా అభిప్రాయం. ధరల పెరుగుదల తీసేస్తే 7.1లో మిగిలేది కొంచెమే. 2017 నుంచి నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో, అంటే నిఫ్టీలోని యాభై పెద్ద కంపెనీల షేర్లలో డబ్బు పెట్టే ఫండ్‌లో, చిన్న సిప్ (నెలనెలా కొంత కట్టడం) కూడా నడుపుతున్నాను. 2020 జనవరిలో 12,000 పైన ఉన్న నిఫ్టీ మార్చి 23న 7,610కి పడ్డప్పుడు, షాపు మూసుకుని ఇంట్లో కూర్చుని కూడా సిప్ ఆపలేదు. దానికి కారణం నా గుండె ధైర్యమేమీ కాదు, పక్కన పీపీఎఫ్ చెక్కుచెదరకుండా ఉండటం. ఇవాళ రూపాయికి రూపాయి చూస్తే సిప్పే ముందుంది. అయినా రెండిట్లో ఒకటే ఉంచుకోమంటే, నెలాఖరుకి ఎంత వస్తుందో తెలియని నాలాంటివాడికి పీపీఎఫ్ అనే అంటాను. నెలనెలా జీతం పడే పాతికేళ్ళ కుర్రాడికి మాత్రం సిప్‌కే ఎక్కువ పెట్టమని చెబుతాను.

గడువు తీరాక మూసెయ్యలేదు, ఇంకో ఐదేళ్ళు పొడిగించాను. ఇక్కడ జాగ్రత్త: డబ్బు కడుతూ పొడిగించాలంటే గడువు తీరిన ఏడాదిలోపు ఫారం 4 ఇవ్వాలి. ఇవ్వకుండా కట్టుకుంటూ పోతే ఆ కొత్త డబ్బుకి వడ్డీ రాదు. సర్వర్ సంగతి తెలుసు కాబట్టి నేను ఏప్రిల్‌లోనే ఇచ్చేసి, నకలు మీద తేదీతో సీలు వేయించుకున్నాను.