"పాత లెన్సులన్నీ పనిచేస్తాయి" అంటూ అడాప్టర్ అంటగడుతున్నారు, జాగ్రత్త

చెన్నైలో కెమెరా మార్చాలనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో పాత నికాన్ లెన్సులు ఉన్నవాళ్లు, షాపుకి వెళ్లేముందు ఇది చదవండి. మా బావకి జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

బావ దగ్గర నికాన్ పాత డిజిటల్ కెమెరా డీ90 బాడీ (లెన్స్ లేని కెమెరా), 50 ఎంఎం ఎఫ్1.8డి, 80-200 ఎఫ్2.8డి లెన్సులు ఉన్నాయి. మౌంట్ రోడ్ వైపు ఒక షాపులో ఆ రెండు లెన్సులూ కౌంటర్ మీద పెట్టి మరీ అడిగాడు, నికాన్ కొత్త రకం మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా జెడ్50లో వీటికి ఆటోఫోకస్ వస్తుందా అని. "ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ వేస్తే అన్నీ పనిచేస్తాయి సార్" అన్నారు. పాత లెన్సుని కొత్త బాడీకి తగిలించే రింగు అది. బాడీ, అడాప్టర్ రెండూ కొన్నాడు. వేళచ్చేరిలో ఇంటికొచ్చి లెన్స్ బిగిస్తే షట్టర్ సగం నొక్కినా ఫోకస్ రింగు కదల్లేదు. తిరిగి వెళ్లి అడిగితే, "ఫొటో పడుతోంది కదా, చేత్తో తిప్పుకోండి" అని పంపేశారు. పళ్లికరణై చిత్తడి నేలలో ఎగిరే కొంగని చేత్తో ఫోకస్ చేయమంటే ఎలా? పిట్టల కోసమే కొంటున్నానని వాళ్లకి ముందే చెప్పాడు కూడా.

తప్పు అడాప్టర్‌ది కాదు. పాత నికాన్ల ఎఫ్ మౌంట్‌లో (మౌంట్ అంటే బాడీకి లెన్స్ బిగించే చోటు) ఆ అంచుకీ సెన్సర్‌కీ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు, జెడ్50 లాంటివాటి జెడ్ మౌంట్‌లో 16. ఆ ఖాళీని అడాప్టర్ నింపుతుంది, అపర్చర్‌ని (వెలుతురు వచ్చే కంతని) నడుపుతుంది. కానీ బావ దగ్గరున్నలాంటి 'డి' రకం లెన్సుల్లో ఫోకస్ మోటార్ ఉండదు, బాడీలోని మోటారే తిప్పాలి. లెన్స్ వెనకవైపు లోహపు అంచు మీద చూడండి, స్క్రూ తలలాంటి చిన్న గాడి కనిపిస్తుంది. డీ90 మౌంట్ మీద సరిగ్గా ఆ గాడిలో కూర్చునే చిన్న లోహపు మొన ఉంటుంది. ఎఫ్‌టీజెడ్‌లో ఆ మొన లేదు. డీ3000, డీ5000 వరస బాడీల్లోనూ లేదు. ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి లెన్సులకి సొంత మోటార్ ఉంటుంది కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. ఇవన్నీ కంపెనీ పట్టికలోనే ఉన్నాయి, రోజూ అమ్మేవాళ్లకి తెలియదంటే నేను నమ్మను.

నా మాట వింటే, పాత లెన్సులంటే నిజంగా ప్రాణం అయితే సెకండ్ హ్యాండ్‌లో డీ7200 లాంటిది చూడండి, మోటార్ బాడీలోనే ఉంటుంది. మిర్రర్‌లెస్సే కావాలంటే దాని సొంత కిట్ లెన్స్‌తో (బాడీతో కలిపి అమ్మే లెన్స్‌తో) వేరే సెట్టుగా కొనుక్కుని, పాతవి పాత బాడీ మీదే వాడుకోండి. అడాప్టర్‌కి పోసే డబ్బు ఇంకో లెన్స్‌కి అక్కరకొస్తుంది. మన తేమగాలికి బీరువాలో ఏళ్ల తరబడి పడున్న లెన్స్‌కి ఫంగస్ పట్టి ఉండొచ్చు కూడా. ఫోన్ టార్చ్ వెనకనుంచి వేసి చూడండి, లోపల సాలెపోగుల్లా కనిపిస్తే దాన్ని నమ్ముకుని కొత్త బాడీ కొనొద్దు.

మిగతా పాత సామాన్లలో ట్రైపాడ్‌కి భయం లేదు, పావు అంగుళం మర అప్పుడూ ఇప్పుడూ ఒకటే. పెద్ద ఫిల్టర్‌ని చిన్న లెన్స్‌కి బిగించడానికి స్టెప్-అప్ రింగు చాలు. ఫ్లాష్ దగ్గరే గట్టి జాగ్రత్త కావాలి. ఫిల్మ్ కాలం నాటి కొన్ని ఫ్లాష్‌లకి హాట్ షూ (కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే చోటు) దగ్గర 200 వోల్టుల పైన ఉంటుంది, కొత్త బాడీ పాడైపోవచ్చు. మల్టీమీటర్‌తో కొలవకుండా బిగించకండి. నికాన్ పాత ఫ్లాష్ ఎస్‌బీ-28 లాంటివి డిజిటల్ బాడీ మీద వెలుగుతాయి గానీ టీటీఎల్ (వెలుతురుని దానంతటదే సరిచేసుకోవడం) పనిచేయదు.

బావ 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చాడు. బిల్లులో లెన్సుల ఊసే లేదు కాబట్టి, షాపువాళ్లు ఇప్పుడు "మేము అలా అనలేదు" అంటున్నారు. మీరు కొనేటప్పుడు ఏ లెన్స్‌కి ఆటోఫోకస్ వస్తుందన్నారో బిల్లు మీదే రాయించుకోండి. రాయనంటే అక్కడ కొనొద్దు.