సెంట్రింగ్ జాకీ స్క్రూతో కట్టిన లెగ్ వైసు, తొమ్మిదించుల ఇనుప వైసు: ఏండ్ల వాడకం తర్వాత సమీక్ష

వడ్రంగి బెంచీ ఒక్కటే, దానికి కట్టెను బిగించిపట్టే వైసులు మూడు. ఎడమ చివర లెగ్ వైసు, అంటే బెంచీ కాలికి ఎదురుగా నిలువు పలకను స్క్రూతో బిగించేది. కుడివైపు తొమ్మిదించుల క్విక్ రిలీజ్ ఇనుప వైసు, అంటే మీటతో స్క్రూను వదిలించి దవడను ఒక్కసారే జరిపే రకం. కుసులు (అతుకుల్లో దూరే నాలుకలు) కోసేటప్పుడు మాత్రం బల్ల మీదికెక్కే, రెండు పలకలు రెండు స్క్రూల మాక్సన్ వైసు. బెంచీ ఎత్తు 33 ఇంచులు, పై బల్ల మందం 3 ఇంచులు. హన్మకొండ వైపు పాత ఇండ్లు కూలగొట్టినప్పుడు వచ్చే టేకు దూలాలను కోత మిషన్‌లో కోయించి అతికించిన బల్ల అది. దాని మీద నడిచే పని తలుపు చట్రాలు, కిటికీ రెక్కలు, మంచం పట్టెలు, చిన్న పెట్టెలు.

తీర్పు ముందే చెప్తే: లెగ్ వైసు ఉంటే ఇనుప వైసు లేకున్నా పని ఆగదు. ఇనుప వైసు ఒక్కటే ఉంటే తలుపు రెక్క అంచుకు రంద కొట్టేటప్పుడు ప్రతిసారీ ఏదో ఒక ఆసరా వెతుక్కోవాలి. కింద కూర్చొని కాలితోనే కట్టెను కదలకుండా అదిమిపట్టే పాతకాలపు వడ్లాయనకు ఈ రెండూ అక్కర్లేదు, అది వేరే సంగతి. ఇది నిలబడి పని చేసేవాళ్ల కోసం.

ఇనుప వైసు

ముందుగా, దుకాణంలో అడిగితే చాలాసార్లు చేతికిచ్చేది ఫిట్టర్ల వైసు. నాలుగించుల దవడలు, వాటి మీద గీతలు, బల్ల మీద నిలబడే రకం. అది ఇనుము పట్టడానికి చేసింది. కట్టెను కొరుకుతుంది, వెడల్పు సరిపోదు, రందకు అడ్డం వస్తుంది. కావలసింది బల్ల కింద వేలాడే కార్పెంటర్ వైసు. ఐటీఐ వర్క్‌షాపుల్లో బెంచీలకు ఉండేది అదే. దవడ 7, 9, 10 ఇంచుల్లో దొరుకుతుంది. ఏడించులది పెట్టెల పనికి చాలు, తలుపుల పనికి 9కి తగ్గొద్దు.

కొనేముందు దుకాణంలోనే చూడాల్సినవి ఉన్నాయి. దవడను అర అడుగు తెరిచి పక్కలకు ఊపండి. రెండు గైడు కడ్డీల్లో కాస్త కదలిక ఉండడం మామూలే, టకటకమని చప్పుడొస్తే వద్దు. తర్వాత రెండు కాగితం ముక్కలు తీసుకొని ఒకటి దవడల పై అంచున, ఇంకొకటి కింది అంచున పెట్టి మెల్లగా బిగించండి. పై కాగితం ముందు పట్టుకోవాలి. దవడ పైభాగం ఒక మిల్లీమీటరు లోపలికి వంగి ఉంటేనే బిగించాక రెండూ సమంగా ఆనుతాయి. కింది కాగితం ముందు పట్టుకునే వైసులో పలక మీదికి జారుతుంటుంది. ఎంత బిగించినా ఆ గుణం పోదు. ఇక క్విక్ రిలీజ్ మీట వదిలాక పావు చుట్టులోపు ‘సగం నట్టు’ (స్క్రూను ఒక పక్క నుంచే పట్టే అర నట్టు) స్క్రూ మరల్లో కూర్చోవాలి. రంగు కింద లప్పం పూసి పోత గుంతలు మూసిన సరుకు కూడా వస్తుంది, దవడ వెనక వేలితో తడిమితే తెలిసిపోతుంది.

వైసు ఎంత మంచిదైనా బిగించడంలోనే సగం పని ఉంది. లోపలి దవడను బల్ల అంచులోకి గాడి తీసి దింపాలి. దవడకు వేసే కట్టె పలక ముఖం బల్ల ముందు అంచుతో ఒకే మట్టంలో ఉండాలి. అట్లా ఉంటేనే ఆరడుగుల పలక వైసులో ఒకచోట బిగుసుకొని, మిగతా పొడవంతా బల్ల అంచుకు ఆనుతుంది. దవడను బల్ల బయటికి వేలాడదీసి బోల్టులు కొట్టేస్తే ఆ లాభం పోయినట్టే. ఇనుప అంచు బల్ల మట్టం కంటే అర ఇంచు కిందికి ఉండాలి, లేకుంటే ఏదో ఒక రోజు రంద బ్లేడు దానికి తగులుతుంది. దవడలకు 20 మి.మీ. టేకు పలకలు వేసి, వాటి పై అంచును బల్లతో సమం చేయాలి. రెండు పక్కలా ఒక్కో ఇంచు ఎక్కువ ఉంచితే వెడల్పు కట్టెకు పట్టు పెరుగుతుంది. ఆ పలకలను ఇనుప దవడ బెజ్జాల గుండా వెనక నుంచి స్క్రూలతో బిగించాలి. గమ్ముతో అతికించొద్దు, అరిగితే మార్చుకోవాలి.

వైసు ఒంటిని బల్ల కింద కోచ్ స్క్రూలతో వేలాడదీస్తే మొదటి ఎండకాలానికే వదులవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర కట్టె ఎంత ఎండుతుందో చెప్పక్కర్లేదు. మూడు నూళ్ల (3/8 ఇంచు) బోల్టులు పైనుంచి దించి, తలలను బల్లలో ముంచి, కింద పెద్ద వాషరు వేసి నట్టు కట్టడం నయం. వదులైతే స్పానర్‌తో ఒక పట్టు పడితే సరిపోతుంది.

దీనికున్న పెద్ద లోపం దవడ వంకర తిరగడం. కట్టెను నిలువుగా ఒక పక్కన పట్టిస్తే ఖాళీగా ఉన్న రెండో పక్క లోపలికి పోతుంది, పట్టు సగానికి సగం పడిపోతుంది, గైడు కడ్డీల బెజ్జాలు అరుగుతాయి. మందు తేలిక. 3, 6, 12, 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు నాలుగింటిని ఒకే బోల్టుకు విసనకర్ర రేకుల్లా గుచ్చి వైసు పక్కన వేలాడదీయండి. వాటిని కలుపుకుంటూ పోతే 3 నుంచి 39 మి.మీ. దాకా ప్రతి 3 మి.మీ.కు ఒక మందం దొరుకుతుంది. పట్టిన కట్టె మందమే రెండో పక్కన పెడితే దవడ నిటారుగా ఉంటుంది. 18 అని అమ్మే ప్లై 17 ఉండడం కద్దు, తేడాకు అట్టముక్క చాలు.

వాడకంలో చెడేది ఎక్కువగా సగం నట్టే. రంపం పొట్టు మరల్లో గట్టిపడితే నట్టు పూర్తిగా కూర్చోదు, గట్టిగా తిప్పగానే టక్కున జారుతుంది. నట్టు అరిగిందని మార్చడానికి పరిగెత్తొద్దు, ముందు పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయండి. స్క్రూకు గ్రీజు పెడితే పొట్టు అంటుకొని ముద్ద కడుతుంది, కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు. గైడు కడ్డీలకు వానకాలంలో కుట్టుమిషన్ నూనె తడిపిన గుడ్డతో తుడవాలి. పిడి జారినప్పుడు వేలు నలగకుండా రెండు చివర్లా రబ్బరు రింగులు వేసుకోండి. పిడికి పైపు మాత్రం తొడగొద్దు. మధ్య నుంచి 150 మి.మీ. పొడవున్న పిడి, చుట్టుకు 6 మి.మీ. కదిలే స్క్రూ, లెక్క ప్రకారం చేతి బలాన్ని 157 రెట్లు చేయాలి. రాపిడి అందులో మూడింట రెండొంతులు తిన్నా పది కిలోల బలానికి ఐదొందల కిలోల ఒత్తిడి మిగులుతుంది. పైపు తొడిగితే పోత ఇనుము వంగదు, ఏకంగా పగులుతుంది.

లెగ్ వైసు

అసలు ఖర్చు స్క్రూదే. బయటి నుంచి తెప్పించే బదులు సెంట్రింగ్ సామాను దుకాణంలో పాత బేస్ జాకీ తీసుకోవచ్చు. స్లాబు కింద పైపులకు ఎత్తు సరిచేసే ఆ స్క్రూ లెగ్ వైసుకు బాగా పనికొస్తుంది. మరలు లావుగా, గుండ్రంగా ఉంటాయి, దుమ్ము పడినా పట్టేయవు. రెండు షరతులు. గట్టి కడ్డీదే కావాలి, బోలు పైపుది వద్దు. ముందు పలకను పట్టే రేకు కోసం పైపుకు గాడి కోస్తే గోడ తెగిపోతుంది. రెండోది, నట్టును చేత్తో ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి చూడాలి. కాంక్రీటు అంటినది పర్లేదు, తుడిస్తే పోతుంది. వంగినది పనికిరాదు. జింకు పూత ఉంటే వెల్డింగుకు ముందు గ్రైండరుతో తీయించండి, ఆ పొగ పీలిస్తే రాత్రికి జ్వరం ఖాయం.

లేత్ షాపులో చేయించాల్సినవి: కింది ప్లేటు కోసేయడం, ఆ చివర 60 మి.మీ. లావు, 50 మి.మీ. పొడవున్న గుండు వెల్డ్ చేసి పిడి కోసం 20 మి.మీ. బెజ్జం వేయడం, గుండు పక్కనే 6 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. లోతు గాడి తీయడం. ఆ గాడిలో 5 మి.మీ. రేకు రెండు సగాలుగా కూర్చొని ముందు పలకకు స్క్రూలతో బిగుస్తుంది. స్క్రూ వెనక్కి తిప్పినప్పుడు పలకను వెంట లాక్కొచ్చేది అదే. అది లేకుంటే ప్రతిసారీ పలకను చేత్తో లాగాలి.

జాకీ దొరక్కపోతే 32 మి.మీ. కడ్డీకి 6 మి.మీ. పిచ్‌తో (చుట్టుకు 6 మి.మీ. కదిలేలా) చదరపు మరలు కోయించండి. నట్టు మాత్రం గన్‌మెటల్‌దో పోత ఇనుముదో కావాలి, పొడవు 50 మి.మీ.కు తగ్గొద్దు. మెత్తని ఉక్కు స్క్రూకు మెత్తని ఉక్కు నట్టే వేస్తే రెండూ గీరుకొని పట్టేస్తాయి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే 24 మి.మీ. త్రెడ్ రాడ్ (పొడవంతా మరలుండే కడ్డీ) చవకే కానీ, చుట్టుకు 3 మి.మీ. మాత్రమే కదులుతుంది. 90 మి.మీ. తెరవాలంటే ముప్పై చుట్లు.

నట్టును ప్లేటుకు వెల్డ్ చేసి కాలు వెనక వైపు బిగించాలి, ముందు వైపు కాదు. వెనక ఉంటే బిగించేకొద్దీ నట్టు కాలికే నొక్కుకుంటుంది, బోల్టుల మీద భారం ఉండదు. ముందు పెడితే బోల్టులను కట్టెలోంచి పీకే పని ఆ స్క్రూయే చేస్తుంది. కాలు మందం 90 మి.మీ.కు తగ్గకూడదు, కాలు ముఖం బల్ల అంచుతో ఒకే మట్టంలో ఉండాలి. 38 మి.మీ. లావున్న జాకీ స్క్రూకు కాలిలో 42 మి.మీ. బెజ్జం చాలు. ముందు పలకలో 44 వేసి పైకీ కిందికీ ఇంకాస్త కోలగా చేయాలి, పలక వాలడానికి చోటుండాలి కాబట్టి.

ముందు పలక 60 మి.మీ. మందం, 200 మి.మీ. వెడల్పు, పొడవు నేలకు ఒక ఇంచు తక్కువ. 45 మి.మీ. పలక బిగించినప్పుడు నడుము దగ్గర వంగుతుంది, కంటికి కనబడుతుంది కూడా. కట్టె నల్లతుమ్మ బాగుంటుంది. బండి చక్రాలకు వాడిన కట్టె, దెబ్బకు ఓర్చుకుంటుంది. అయితే తెల్లకట్టెకు (బెరడు పక్కనుండే లేత కట్టెకు) పురుగు పడుతుంది, దాన్ని పూర్తిగా తీసేయాలి. తుమ్మ మొద్దును చెరువులో నానేసి ఆరబెట్టే పాత పద్ధతి ఊరికే రాలేదు. పచ్చి తుమ్మతో చేస్తే ఎండకాలంలో నిలువునా బీటలిస్తుంది. ఓపిక లేకుంటే పాత టేకే తీసుకోండి. కోతకు ముందు మేకులు మాత్రం వెతకాలి.

స్క్రూ ఎంత కిందికి ఉండాలన్నది అసలు లెక్క. బల్ల పైనుంచి 220 మి.మీ. దగ్గర పెడితే స్క్రూ మీద ఎనిమిదించుల లోతు దొరుకుతుంది. ముందు పలక కింది భాగం నుంచి కాలిలోకి దూరే గైడు పట్టీ ఎంత కిందికి పోతే అంత పట్టు. పట్టీ 700 మి.మీ. దగ్గర ఉంటే స్క్రూ బలంలో దాదాపు 69 శాతం దవడకు చేరుతుంది, 450 దగ్గర ఉంటే 51 శాతమే. వంగడానికి బద్ధకించి పట్టీని పైకి జరిపితే పోయేది ఇదే.

గైడు పట్టీ 20 మి.మీ. మందం, 70 వెడల్పు, 350 పొడవు. ఒక చివర ముందు పలకలో కుసి దించి గమ్ముతో పాటు కట్టెమేకు కొట్టాలి. ఇక్కడ వదులుంటే వైసంతా వదులే. మిగతా పొడవులో 10 మి.మీ. బెజ్జాలు రెండు వరుసల్లో, ఒక్కో వరుసలో 25 మి.మీ. ఎడంతో, రెండో వరుస సగం జరిపి వేస్తే 12.5 మి.మీ.కు ఒక మెట్టు వస్తుంది. పట్టబోయే కట్టె మందానికి సమానమైన బెజ్జంలో, లేదా దాని తర్వాతి దాంట్లో కాలికి ఆనే పిన్ను పెట్టాలి. తక్కువ దాంట్లో పెడితే పలక కింది భాగం లోపలికి పోయి పైన నోరు తెరుస్తుంది.

కొత్తగా చేసేవాళ్లు కాలిలో పట్టీ బెజ్జాన్ని ముచ్చటగా, బిగుతుగా కోస్తారు. జూలై ముసురుకు పట్టీ ఉబ్బి అందులోనే ఇరుక్కుంటుంది. ఎత్తులో 3, పక్కల 2 మి.మీ. వదులు ఉంచండి. పట్టీ కింద కాలికి ఒకటి, పట్టీ పైన కాలు వెనక ఒకటి 608 బేరింగులు బిగిస్తే ముందు పలక బరువు స్క్రూ మీద పడదు, పిడి వేలితో తోస్తే తిరుగుతుంది. లోపలి వ్యాసం 8, బయటిది 22 మి.మీ. ఉండే చిన్న బేరింగు అది, ఎక్కడైనా దొరుకుతుంది.

కట్టె మందం మారినప్పుడల్లా వంగి పిన్ను మార్చడం దీనికున్న చికాకు. ఒకే మందం పలకలు వరుసగా చేసే పనిలో అది గుర్తుకే రాదు, కలగాపులగం పనిలో విసుగు పుట్టిస్తుంది. ఎక్స్ ఆకారంలో రెండు ఇనుప పట్టీలు వేసే పద్ధతితో పిన్ను బాధ పోతుంది. కానీ కాలిలో లోతైన గాడి తీయాలి, నాలుగు చేతుల పొడవులూ అర మిల్లీమీటరు తేడా లేకుండా కుదరాలి. వెల్డింగు షాపు పనితనం మీద అంత నమ్మకముంటేనే మొదలుపెట్టండి.

దవడలకు 3 మి.మీ. తోలు, గరుకు వైపు బయటికి, ఫెవికాల్ ఎస్‌ఆర్‌తో అతికిస్తే సగం బిగింపుకే కట్టె కదలదు. సైకిల్ ట్యూబు రబ్బరు వద్దు, లేత రంగు కట్టెకు నల్ల మరకలు అంటుతాయి. షాబాద్ బండల మీద బెంచీ జారుతుందన్న ఫిర్యాదుకు అదే రబ్బరు కాళ్ల కింద వేయండి.

మాక్సన్, టెయిల్ వైసు

మాక్సన్ వైసుకు 45 మి.మీ. మందం, 600 పొడవు, 150 ఎత్తు ఉన్న రెండు పలకలు, 450 ఎడంతో రెండు 20 మి.మీ. త్రెడ్ రాడ్లు చాలు. దీనికి కదలిక తక్కువ, కాబట్టి మరల నెమ్మది బాధించదు. చేతి చక్రాలకు పాత గేట్ వాల్వుల చక్రాలు సరిగ్గా సరిపోతాయి. ముందు పలక బెజ్జాలను అడ్డంగా కోల చేస్తే వాలు కట్టెను కూడా పడుతుంది. డవ్‌టెయిల్ కోతకు నడుము వంచకుండా ఆరించులు ఎత్తు దొరకడం దీని సుఖం.

బల్ల కుడి చివర ఉండే టెయిల్ వైసు కట్టక్కర్లేదు. ఎల్ ఆకారపు టెయిల్ వైసు కొన్నాళ్లకు కుంగి బల్ల మట్టం తప్పుతుంది, సరిచేయడం తలనొప్పి. దాని బదులు కమ్మరి దగ్గర 18 మి.మీ. నున్నటి సలాకతో రెండు హోల్డ్‌ఫాస్టులు (బల్ల బెజ్జంలో దిగ్గొడితే కట్టెను అదిమిపట్టే వంపు సలాకలు) కొట్టించి, బల్లకు 19 మి.మీ. బెజ్జాలు వేయండి. ఇంటికి వాడే గీతల సలాక వద్దు. జారితే కాలును 80 నంబరు గరుకు కాగితంతో అడ్డంగా రుద్దాలి. బల్ల నాలుగించులు దాటితే బెజ్జాన్ని కింది నుంచి వెడల్పు చేయాలి, లేకుంటే సలాక వాలి పట్టుకోదు. పలక ముందు చివరకు ఒక అడ్డుకట్టె, వెనక మూలకు 12 మి.మీ. ప్లై ముక్కలో కోసిన 90 డిగ్రీల నోరు, ఆ ప్లై మీద హోల్డ్‌ఫాస్టు ఒక్క దెబ్బ. వెడల్పు పలకకు అడ్డంగా రంద కొట్టినా కదలదు.