మర్నాటి ఫోను: ఒక రాత్రి సహాయ కేంద్రానికి నాలుగేళ్లు వెళ్లిన తరువాత

నేను వెళ్లే మానసిక సహాయ కేంద్రాన్ని సాయంత్రం 6 గంటలకు తెరిచి రాత్రి 12 గంటలకు మూస్తారు. మనసు తట్టుకోలేని స్థితిలో ఉన్నప్పుడు డాక్టరు చీటీ, అపాయింట్‌మెంటు లేకుండా నేరుగా లోపలికి వెళ్లి అక్కడివారితో కూర్చుని మాట్లాడవచ్చు. ఈ నాలుగేళ్లలో ముప్పై సార్లు వెళ్లి ఉంటాను. అక్కడ మాట్లాడుకున్న మాటల్లో చాలావరకు ఇప్పుడు గుర్తులేవు. గుర్తున్నదల్లా, వెళ్లిన మర్నాడు ఉదయం వాళ్లు చేసే ఫోను.

అది మొదటిసారి వచ్చినప్పుడు భయపడ్డాను. ఆసుపత్రిలో చేరమంటారేమో, ఇంట్లోవాళ్లకు చెబుతామంటారేమో అనుకున్నాను. అవతల మాట్లాడినది ముందురాత్రి నా పక్కన కూర్చున్న ఆవిడే. "నిద్ర పట్టిందాండీ? ఏమీ చెప్పనక్కరలేదు, పలకరిద్దామని చేశానంతే" అన్నారు. రెండు నిమిషాలైనా మాట్లాడలేదు. అయితే పరాయివారి ముందు అంతగా ఏడ్చానే అన్న సిగ్గు తెల్లవారగానే మొదలవుతుందని, ఆ సిగ్గుతోనే చాలామంది రెండోసారి అటు వెళ్లరని అనుభవించినవారికి తెలుసు. నా ఏడుపు చూసిన మనిషే పొద్దున్నే తలచుకుని ఫోను చేయడంతో నాకు ఆ సిగ్గు సగానికి సగం తగ్గిపోయింది.

ఇది నా ఒక్కరి అనుభవమే కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. శాన్ ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు, ఆత్మహత్య ఆలోచనలతోనో తీవ్రమైన కుంగుబాటుతోనో ఆసుపత్రిలో చేరి, బయటికి వచ్చాక చికిత్స వద్దన్న 843 మందిని రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపులోనివారికి అయిదేళ్లపాటు చిన్న చిన్న ఉత్తరాలు పంపే ఏర్పాటు చేశారు. మొదట్లో నెలకొకటి, ఆ తరువాత అంతకంతకూ ఎడంగా, మొత్తం 24 ఉత్తరాలు. క్షేమమని తలుస్తున్నాము, రాయాలనిపిస్తే రాయండి అన్నంత మేరకే వాటిలో ఉండేది. చికిత్సకు రమ్మన్న ఒత్తిడి ఉండేది కాదు. ఉత్తరాలు అందుకున్నవారిలో ఆత్మహత్యలు తక్కువగా జరిగాయని, ఆ తేడా మొదటి రెండేళ్లలో స్పష్టంగా కనిపించిందని 2001లో ప్రచురించారు. అది చదివిన రోజున ఆ రెండు నిమిషాల ఫోను విలువ నాకు మరింత బాగా అర్థమైంది.

అందుకే అది రాని రోజు గురించి కూడా రాయాలి. మూడో ఏడాది చివర్లో ఒక శనివారం రాత్రి వెళ్లాను. ఆ రోజు నాతో కూర్చున్న యువకుడు ఒకప్పుడు ఇదే స్థితిని దాటివచ్చినవాడు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని తడబడకుండా, సూటిగా అడిగాడు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు గానీ, అది నిజం కాదు. నాకైతే ఆ ప్రశ్న వినగానే ఊపిరి ఆడినట్లయింది. బయలుదేరేటప్పుడు "రేపు పది గంటలకు ఫోను చేస్తామండీ" అన్నాడు. పది దాటింది, పదకొండు దాటింది. రింగు వినిపించదేమోనని స్నానానికి కూడా వెళ్లలేదు. మధ్యాహ్నం మా అక్క ఫోను చేస్తే, లైను ఖాళీగా ఉండాలని ఎత్తలేదు. మూడు గంటలయ్యేసరికి, వీళ్లకు కూడా నేను బరువైపోయానన్న నిర్ణయానికి వచ్చేశాను. ఆ స్థితిలో ఉన్న మనసుకు వేరే కారణం తోచదు.

ఆ సాయంత్రం తలుపు తీయకముందే వెళ్లి నిలబడ్డాను. అక్కడి బాధ్యురాలు రిజిస్టరు తిప్పి చూశారు. నా పేరు, ఫోను నంబరు, వచ్చిన వేళ ఉన్నాయి. అంతకు మించి ఏమీ లేదు. ఆ యువకుడు షిఫ్టు ముగించేటప్పుడు నా విషయం తోటి వాలంటీరుకు నోటిమాటగా చెప్పాడు. ఆ వాలంటీరు మర్నాడు రాలేదు. బదులుగా వచ్చినవారికి సంగతే తెలియదు. బాధ్యురాలు సాకులు చెప్పలేదు. "తప్పు మాదేనండీ, రోజంతా మిమ్మల్ని అలా ఉంచేశాం" అన్నారు.

మొదటి ఏడాది నేను ఈ కేంద్రం గురించి ఎవరికి చెప్పినా, వాళ్లు ఏమీ రాసుకోరు, ఫైలు తెరవరు అని గొప్పగా చెప్పేదాన్ని. ఆసుపత్రుల్లో నా కథ పదిమంది చేతులు మారిన చేదు అప్పటికి మనసులో ఉంది. ఇప్పుడు ఆ మాట అంత ధీమాగా అనలేను. ఆ ఆదివారం నాకు లోపించింది రిజిస్టరులో ఒక్క వాక్యమే. ఇప్పుడు బయలుదేరేటప్పుడు ఒక చీటీ ఇస్తున్నారు. ఫోను ఎవరు చేస్తారో, ఎన్ని గంటలకో, అరగంట దాటినా రాకపోతే మనం ఏ నంబరుకు చేయాలో అందులో ఉంటుంది. ఆ తరువాత రెండుసార్లు ఆలస్యమైంది గానీ, రాకుండా ఎప్పుడూ లేదు.

మూసే వేళ గురించి మాత్రం నా అసంతృప్తి తీరలేదు. నాకు గడవనివి రాత్రి రెండు నుంచి నాలుగు వరకు. అప్పుడు మిగిలేది హెల్ప్‌లైను. వేచి ఉండి, కొత్త మనిషికి కథంతా మొదటినుంచీ చెప్పుకోవాలి. అదీ లేనివారితో పోలిస్తే నయమే.

నేను ఒంటరిగా ఉంటాను, కేంద్రం నడిచి వెళ్లేంత దూరంలో ఉంది, మందులు వేరే డాక్టరు దగ్గర వాడుతున్నాను. ఇంట్లో చిన్నపిల్లలున్నవారికి, రాత్రిపూట బయటికి రాలేనివారికి ఇది ఎంతవరకు పనికొస్తుందో నేను చెప్పలేను. ప్రాణానికి ఆ క్షణంలోనే ముప్పు ఉంటే వెళ్లవలసింది ఆసుపత్రి అత్యవసర విభాగానికేనని కేంద్రంవారే చెబుతారు. ఒకసారి నన్ను వాళ్లే వెంటబెట్టుకుని తీసుకెళ్లారు. మీకు అందుబాటులో ఇటువంటిది ఉంటే వెళ్లమనే అంటాను. అయితే మొదటి రాత్రే, లేచి వచ్చేముందు, మర్నాడు ఫోను చేసేదెవరో అడిగి ఆ పేరు కాగితం మీద రాయించుకోండి.